గడ్డ మళ్లొచ్చింది, మా నాయిన కీమో తట్టుకుంటడా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర, మా నాయినకు 56 ఏండ్లు. రెండేండ్ల కింద తొడల సర్కోమా గడ్డ (కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిల్ల పుట్టే క్యాన్సర్) తీసి ఎర్రమందు కీమో ఇచ్చిన్రు, ఇప్పుడు స్కాన్‌ల ఊపిరితిత్తుల మీద మచ్చలు కనవడ్డయ్. మళ్ల కీమో అంటున్నరు, తట్టుకుంటడా సార్?

జవాబు: తమ్మీ, ముందుగాల డాక్టర్‌ని ఒక్కటడుగు, మచ్చలు ఎన్నున్నయ్, ఆపరేషన్‌తోటి తియ్యొస్తదా అని, ఒకటి రెండే ఉంటే కొందరికి తీస్తరు. ఆ ఎర్రమందు పేరు డాక్సోరుబిసిన్, మనిషికి జన్మంత కలిపి ఇంతకన్న ఎక్కువ ఇయ్యొద్దని దానికి లెక్క ఉంటది, దాటితే గుండె బలహీనమైతది, అందుకే పాత డిశ్చార్జ్ కాయిదాలన్ని కవర్ల పెట్టుకొని తీస్కపో, గుండె ఎట్ల కొట్టుకుంటుందో చూసే ఎకో స్కాన్ తీపియ్యి. ఆ ఎర్రమందు కుదరకుంటే ఐఫోస్ఫమైడ్ అనే కీమో మందు, లేకుంటే జెమ్‌సైటబిన్‌తోటి డోసెటాక్సెల్, ఇంక పాజోపనిబ్ గోలీలు గూడ ఉన్నయ్ గని కొవ్వుల పుట్టిన సర్కోమాకు ఆ గోలీలు మామూలుగ ఇయ్యరు, గడ్డ ఏ రకమో బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష) రిపోర్టుల చూడాలె.

నీకు దాచి చెప్పలేను, ఈ దశల కీమో చాలామందికి రోగాన్ని మొత్తం పోగొట్టదు, కొన్నాళ్లు ఆపి పెడతది, ఆయాసం నొప్పి తగ్గిస్తది. ఈ మాట నాయినకు గూడ చెప్పి ఆయన మనసుల ఏమున్నదో అడుగు, ఆయన పానం గదా. తట్టుకునుడు వయసు కన్న ఒంట్ల సత్తువను బట్టి ఉంటది, తన పని తను చేసుకుంటుంటే భయపడకు. కీమో ఎక్కినంక వారం పది రోజులకు రోగాలతోటి కొట్లాడే తెల్లకణాలు పడిపోతయ్, అప్పుడు థర్మామీటర్ 100.4 చూపిస్తే అర్ధరాత్రైనా సరే, జరం గోలీ ఏసి పండబెట్టకుండ సీదా దవాఖానకే తోల్కపో.