సేవాగ్రామ్ సమ్మేళనానికి వెళ్తున్న నీకు

తల్లీ,

పల్లెల్లో పనిచేసే పూర్తికాలం కార్యకర్తల సమ్మేళనానికి, మహారాష్ట్రలో గాంధీగారి ఆశ్రమం ఉన్న సేవాగ్రామ్ వెళ్తున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో. "పెద్దమ్మా, అక్కడికి అంతా అనుభవం ఉన్నవాళ్లు వస్తారట, ఈ పనిలోకి వచ్చి రెండేళ్లే అయిన నేనేం మాట్లాడను?" అని ఫోన్‌లో ఒకటే టెన్షన్ పడ్డావు. ఫోన్‌లో చెప్పింది సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

బయల్దేరే ముందు ఒక సాయంత్రం మీ ఊళ్లో అందర్నీ కూర్చోబెట్టు. ఎక్కడికి వెళ్తున్నావో, ఎప్పుడొస్తావో, నువ్వు లేనప్పుడు బడి ఎవరు చూస్తారో చెప్పు. "అక్కడ నేనేం కనుక్కుని రావాలి?" అని వాళ్లనే అడుగు. ఒకసారి మా ఊరి ముసలమ్మ నాతో, "ఆ ఊళ్లలో బోర్లు ఎండితే ఏం చేస్తున్నారో అడిగి రావే" అంది. సమ్మేళనం మూడు రోజులూ ఎవరు కలిసినా అదే అడిగాను. ఊరి ప్రశ్న చేతిలో ఉంటే కొత్తవాళ్లతో మాట కలపడం కష్టం కాదు.

రిపోర్టు ఎలాగూ తీసుకెళ్తావు. దాంతోపాటు నీ రోజువారీ డైరీ కూడా సంచిలో పెట్టుకో. గాంధీగారు కన్నుమూసే ముందురోజు, 1948 జనవరి 29న, కాంగ్రెస్ లోక సేవక సంఘంగా మారాలంటూ ఒక ముసాయిదా రాశారు. కార్యకర్త తన పరిధిలోని ప్రతి పల్లెవాసినీ స్వయంగా ఎరిగి ఉండాలనీ, చేసిన పనిని ఏరోజుకారోజు రాసిపెట్టుకోవాలనీ అందులో ఉంది. ఓటర్ల జాబితాలో పేరు లేనివాళ్లను చేర్పించడం కూడా ఆ పనుల్లో ఒకటి. రిపోర్టులో మంచి రోజులే మిగులుతాయి. ఎవరూ రాని రోజు కూడా డైరీలో ఉంటుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి సమ్మేళనంలో మైకు ముందు నిలబడి, మా ఆడవాళ్ల రాత్రి బడికి నలభై మంది వస్తారని చెప్పాను. రిజిస్టరులో నలభై పేర్లు ఉన్నమాట నిజమే. మిరప కోతలు మొదలయ్యాక వచ్చేది మాత్రం ఆరుగురే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి కుళాయి దగ్గర కంచాలు కడుక్కుంటుంటే యవత్మాళ్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన చేరింది. మోచేతుల దాకా బూడిద. కంచం రుద్దడం ఆపకుండానే, "పత్తి ఏరే రోజుల్లో మా బడికి ఎవరూ రారు. మీకు మిరప కోతలప్పుడు ఎలా?" అని హిందీలో అడిగింది. కాసేపు నాకు నోట మాట రాలేదు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. కంచం బోర్లించి, తనేం చేసిందో చెప్పింది. ఆ రోజుల్లో రాత్రి బడి ఆపేసి, మధ్యాహ్నం అన్నాలు తినేవేళ తనే చేను దగ్గరికి వెళ్లి, గట్టు మీద చెట్టు కింద అరగంట చెప్పేదట. ఇవాళ నువ్వు నడుపుతున్న గట్టు బడి ఆ కుళాయి దగ్గర పుట్టిందే తల్లీ.

కాబట్టి నీకు మాట్లాడే వంతు వస్తే, కుదరని పని ఒకటైనా చెప్పు. ఆ తర్వాత నిన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారు. మన తెలుగువాళ్ల గుంపులోనే ఉండిపోకు. వంటింట్లో కూరగాయలు తరగడానికి వెళ్లు, పొద్దున్నే ఊడ్చేవాళ్లతో చీపురు పట్టుకో. ఇరవై, ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న ఆడవాళ్లను అడగాల్సినవి అక్కడే అడుగు: చాలీచాలని గౌరవ వేతనంతో ఎలా నెట్టుకొచ్చారు, ఇంట్లో పెళ్లి పోరు ఎలా తట్టుకున్నారు, జబ్బు చేస్తే ఎవరు చూశారు. అవి సిగ్గుపడే ప్రశ్నలు కావు. వాటికి జవాబు దొరక్కే ఎంతోమంది మంచి పిల్లలు ఈ పని వదిలేశారు. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

టికెట్లు దాచుకో, ప్రతి రూపాయికీ లెక్క రాయి. అది ఊరి డబ్బు.

తీరిక చూసుకుని వినోబా భావేగారి ఆశ్రమం ఉన్న పవనార్ కూడా వెళ్లిరా, దగ్గరే. 1951 మార్చిలో వినోబాజీ హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో జరిగే సర్వోదయ సమ్మేళనానికి అక్కడి నుంచే నడుచుకుంటూ బయల్దేరారు. మొదట రానన్నారు. తర్వాత ఒప్పుకుని, దాదాపు 300 మైళ్లు కాలినడకన వచ్చారు. సమ్మేళనం అయ్యాక తిన్నగా వెనక్కి పోకుండా నల్లగొండ ఊళ్లు పట్టారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానం మొదలైంది అలా, సమ్మేళనం ముగిశాక. నువ్వూ తిరుగు రైల్లో నిద్రపోకు. బల్లార్షా దాటేలోగా, విన్నవాటిలో మన ఊళ్లో ఈ నెలలోనే చేయగలిగింది ఒక్కటి డైరీలో రాసుకో. దిగిన రోజు సాయంత్రమే ఊళ్లో చెప్పు, రేపటికి పెట్టకు.

అక్కడ రాత్రులు చలిగా ఉంటాయి. నా ఊలు శాలువా ఆదివారం బస్సులో పంపిస్తాను, డ్రైవరు దగ్గర అడిగి తీసుకో. ఆ యవత్మాళ్ ఆవిడ ఇచ్చిందే అది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ