పైపుల లోపల బ్లాస్టింగ్ పనికి అబ్బాయిని పంపమంటారా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏళ్లు. మెకానికల్ డిప్లొమా చేశాడు. పటాన్‌చెరులో పైపుల లోపల బ్లాస్టింగ్ చేసి (అంటే గాలి ఒత్తిడితో రేణువులు కొట్టి తుప్పు వదిలించి) పెయింట్ వేసే యూనిట్‌లో ట్రైనీగా రమ్మన్నారు. మా బావగారేమో అప్పు చేసైనా అమీర్‌పేటలో డేటా సైన్స్‌లో చేర్చమంటున్నారు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి? ఏది మేలు?
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: వెల్డింగ్ అని ఒకరు, ఫౌండ్రీ అని ఒకరు ఇదే అడుగుతుంటారు. మీ మెయిల్‌లో బావగారి మాట ఉంది, సంబంధాల మాట ఉంది. అబ్బాయికి ఏది ఇష్టమో లేదు. అక్కడి దుమ్ము గురించి ఒక్క ముక్క లేదు. కోపంగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. ముందు అడగాల్సింది అదే.

ఈ పనిని ఇసుక కొట్టడం అని తీసిపారేయకండి. సుమారు 7 బార్ ఒత్తిడి గాలితో స్టీల్ గ్రిట్ (గరుకు ఉక్కు రేణువులు) లేదా గార్నెట్ అనే గట్టి ఖనిజం రేణువులు వస్తాయి. నాజిల్ ముందున్న, కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన మొనకు తగిలి, గొడుగులా విచ్చుకుని పైపు గోడను కొడతాయి. నాజిల్‌ను ఒకే వేగంతో లాగాలి. ఎక్కడ తొందరపడితే అక్కడ తుప్పు మిగిలిపోతుంది, బయటికి కనపడదు. తర్వాత టార్చ్ వేసి ఎస్ఏ 2½ స్థాయికి, అంటే తుప్పు దాదాపు పూర్తిగా పోయి శుభ్రమైన లోహం కనిపించే స్థాయికి, వచ్చిందా చూడాలి, గరుకు ఎన్ని మైక్రాన్లో కొలవాలి. వానాకాలంలో శుభ్రం చేసిన ఇనుము గంటల్లోనే ఎర్రబారుతుంది. అందుకే లోహం వేడి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుంటేనే పెయింట్ వేస్తారు. డిప్లొమా చదివినవాడికి ఇక్కడ బుర్రకు పనుంది. అనుభవం వచ్చాక తుప్పు నివారణ, పూతల రంగంలోని అంతర్జాతీయ సంస్థ ఏఎంపీపీ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకుని కోటింగ్ ఇన్‌స్పెక్టర్ కావచ్చు.

ఇక దుమ్ము. మామూలు ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది. వస్తే తగ్గే జబ్బు కాదు. చట్టం ప్రకారం తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో అదీ ఉంది. కాబట్టి ఈ వారమే అబ్బాయితో కలిసి వెళ్లండి. ఏ మెటీరియల్ వాడుతున్నారో సంచి చూపించమనండి. గార్నెట్ అయినా, గ్రిట్ అయినా బయటి నుంచి శుభ్రమైన గాలి అందే హెల్మెట్ ఉండాలి. చెయ్యి వదిలితే బ్లాస్టింగ్ ఆగిపోయే హ్యాండిల్ ఉండాలి. ఇసుక కనిపించినా, ముఖానికి తువ్వాలు కట్టుకుని పనిచేసేవాళ్లు కనిపించినా, జీతం ఎంతైనా సరే, వెనక్కి వచ్చేయండి.

డేటా సైన్స్ అంటే నాకు చిన్నచూపు లేదు. లెక్కలు ఇష్టంగా చేసే పిల్లలు అందులో నిలబడ్డారు. నా అనుమానమల్లా ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డుల మీదే. అవి చూసి నాలుగు నెలల కోర్సులో చేరినవాళ్లు తర్వాత నా ఎదురుగా కూర్చుంటారు. ఎవరి రెజ్యూమె తెరిచినా కొత్తగా నేర్చుకునేవాళ్లంతా చేసే అదే టైటానిక్ ప్రయాణికుల ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోతారు. దానికోసం అప్పు చేస్తారా?

టెన్షన్ పడకండి. యూనిట్ మంచిదైతే ఏడాది చేయనివ్వండి. నచ్చకపోతే ఈసెట్ రాసి బీటెక్‌లో చేరతాడు, కోడింగ్ మీద మనసుంటే అప్పుడైనా నేర్చుకుంటాడు. వయసేం మించిపోలేదు. వెళ్లొచ్చాక సంచి మీద ఏం రాసుందో నాకు చెప్పండి. ఈసారి మెయిల్ మాత్రం అబ్బాయినే రాయమనండి.