సిరంజి చేతిలోకి తీసుకునే ముందు

హైదరాబాద్

చిరంజీవి స్రవంతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పగానే చాలా సంతోషించాను. మందుల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను రాసి పంపమని అడిగావట. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే అయిదింటినీ కళాశాలలో నీచేత వల్లె వేయించే ఉంటారు కనుక వాటిని మళ్లీ రాయను. అయితే ఆ అయిదూ కంఠతా వచ్చినంత మాత్రాన సరిపోదు. మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో తెలియని నర్సుకు ఆర్డరులోని పొరపాటు కంటబడదు, ఇచ్చిన తర్వాత రోగిలో వచ్చే మార్పూ అర్థం కాదు.

అందుకని ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) పుస్తకాన్ని మొదటి పుట నుంచి చదవాలని కూర్చోకుండా, మీ వార్డు అల్మారాలో ఉన్న మందులతో మొదలుపెట్టు. ఒక్కొక్క మందుకూ ఇచ్చే ముందు ఏం చూడాలో, ఎంత వేగంగా ఇవ్వాలో, ఇచ్చాక ఏం కనిపెట్టి ఉండాలో రాసుకో. గుండె జబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ సంగతే తీసుకో. ఇచ్చే ముందు స్టెతస్కోపుతో గుండె చప్పుడును పూర్తిగా ఒక నిమిషం లెక్కించి, పెద్దవారిలో అది 60 కంటే తక్కువగా ఉంటే మందు ఆపి డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. అదే రోగికి మూత్రం ఎక్కువగా వెళ్లేలా చేసే ఫ్యూరోసమైడ్ కూడా నడుస్తుంటే మూత్రంతో పాటు పొటాషియం పోయి, డిగాక్సిన్ విషప్రభావం తేలికగా తలెత్తుతుంది. కాబట్టి ఆ రోగి వాంతి వస్తోందనో, అన్నం సహించడం లేదనో, కళ్లకు అంతా పచ్చగా కనిపిస్తోందనో అన్నప్పుడు అది గ్యాస్ అనుకుని, కడుపులో ఆమ్లం తగ్గించే ప్యాంటాప్రజోల్‌తో సరిపెట్టకూడదు.

అన్నింటికంటే ఎక్కువగా నేను భయపడేది ఇన్సులిన్ విషయంలోనే, ఎందుకంటే రోజూ చేసే పని కావడం వల్ల దానిపై ఎవరికీ భయం ఉండదు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే వయల్ (మందు సీసా), 100 యూనిట్లు ఉండే వయల్ రెండూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. ఎర్ర మూత సిరంజిలో 40 గీత అంటే ఒక మిల్లీలీటరు కనుక, 100 వయల్ నుంచి అందులో 20 గీత వరకు లాగితే వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రోగి తెల్లవారేలోగా షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఇందుకు తిరగేసి, 40 వయల్‌ను నారింజ మూత సిరంజిలో 20 గీత వరకు తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. కనుక వయల్‌నూ సిరంజినీ పక్కపక్కన పెట్టి చూడనిదే లోడ్ చేయవద్దు. తోటి సిస్టర్‌కు కూడా చూపించు. కేస్ షీటులో యూనిట్ అన్న మాటను పూర్తిగా రాయి. ఇంగ్లిష్ అక్షరం U ఒక్కటే రాస్తే అది సున్నాలా కనిపించి, 4 యూనిట్లు 40 అయిపోతాయి.

పొటాషియం క్లోరైడ్ 10 మిల్లీలీటర్ల ఆంపూల్‌లో (చిన్న ఇంజెక్షన్ బుడ్డిలో) 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియాన్ని కొలిచే ప్రమాణం) ఉంటాయి. దానిని నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. ఎప్పుడైనా సరే సెలైన్‌లో కలిపి, సీసాను తలకిందులుగా తిప్పి బాగా కలిసేలా చేసి, సాధారణ వార్డులో గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లకు మించకుండా ఇవ్వాలి. డిస్టిల్డ్ వాటర్ ఆంపూళ్ల పక్కన దానిని ఉంచే అలవాటు మీ వార్డులో ఉంటే, వెంటనే వేరే అరలోకి మార్పించమని ఇంఛార్జ్ సిస్టర్‌ను అడుగు.

మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్‌ను నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే విరిగిపోతుంది. వేగం నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు. యాంటీబయాటిక్‌లలో వాంకోమైసిన్ 1 గ్రాముకు కనీసం 100 నిమిషాలు పట్టాలి. సెఫ్ట్రయాక్సోన్‌ను రింగర్ లాక్టేట్‌తో కలపకూడదు.

ఇచ్చాక కనిపెట్టడం గురించి మన ఊరి చరిత్రే ఒకటి ఉంది. 1888, 1889లలో నిజాం ప్రభుత్వ సాయంతో జరిగిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు, ఆపరేషన్లకు అప్పట్లో వాడిన మత్తుమందు క్లోరోఫాం ముందుగా ఆపేది శ్వాసనే కనుక మత్తులో ఉన్నవారి శ్వాసను గమనిస్తే చాలునని తేల్చాయి. గుండె లయ నేరుగా దెబ్బతిని కూడా ప్రాణం పోవచ్చునని తరువాతి పరిశోధనల్లో బయటపడింది. అంతటి వైద్యులే ఒక్క లక్షణంపై ఆధారపడి పొరబడ్డారు కనుక, నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇచ్చినప్పుడు ఆక్సిజన్ అంకె ఒక్కటే చూసి వెళ్లిపోకుండా, శ్వాసను లెక్కపెట్టి, పిలిస్తే పలుకుతున్నారో లేదో కూడా చూడు.

రోగిని “లక్ష్మిగారేనా?” అని అడగవద్దు, మగతలో ఉన్నవారూ, చెవి వినపడనివారూ కూడా తల ఊపుతారు. “మీ పేరు చెప్పండి” అని తెలుగులోనో, ఉర్దూలోనో అడిగి, ఐపీ నంబరుతో (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) సరిచూసుకో. పడని మందులేమైనా ఉన్నాయా అని మొదటి మోతాదుకు ముందే ఇంటివాళ్లనూ అడుగు.

ఆర్డరుపై సందేహం వస్తే ఇవ్వనని భీష్మించకుండా, ఉన్న వివరాన్ని (ఉదాహరణకు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఫలితాన్ని) ముందుపెట్టి అడుగు: “సర్, ఈయన క్రియాటినిన్ పెరిగింది, అమికాసిన్ మోతాదు ఒకసారి చూస్తారా?” ఇలా అడిగితే విసుక్కునే డాక్టరు కూడా రిపోర్టు తెరిచి చూస్తారు. ఫోనులో చెప్పిన ఆర్డరును రాసుకుని, తిరిగి చదివి వినిపించు.

మందు వికటించిందని అనుమానం వస్తే డాక్టరుకు చెప్పడంతో ఆగవద్దు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసేందుకు 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి నర్సులు కూడా నివేదిక పంపవచ్చు. 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. అనుమానం ఉంటే చాలు, రుజువు అవసరం లేదు. ఆ ఫారం మీ వార్డులో ఎక్కడ ఉంటుందో మొదటి వారంలోనే అడిగి తెలుసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ