ఆకు గీరుకున్న కంట్లో తెల్లమచ్చ: ముందు ఆ చుక్కల సంగతి చూడండి
మీ నాన్నగారి కంటికి ఎండుటాకు గీరుకుని 10 రోజులైందని, ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గి ఇప్పుడు తెల్లమచ్చ కనిపిస్తోందని రాశారు. నా అనుమానం ఆ చుక్కల మీదే. ఆకు, కొమ్మ, ఊక లాంటివి తగిలినప్పుడు ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజులు కార్నియాలోకి (నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొరలోకి) దిగొచ్చు. స్టెరాయిడ్ ఎరుపునైతే అణిచేస్తుంది గానీ, బూజుకు మేలే చేస్తుంది.

మీ అంతట మీరు ఇంకో చుక్క వేయకుండా, ఆ సీసా పట్టుకుని ఈరోజే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మచ్చ దగ్గర కొంచెం గీకి మైక్రోస్కోపులో చూస్తారు. ముందే మత్తు చుక్కలు వేస్తారు కాబట్టి నొప్పి గురించి టెన్షన్ వద్దు. బూజే అని తేలితే సాధారణంగా 5 శాతం నాటమైసిన్ అనే బూజు మందు చుక్కలిస్తారు, మొదట్లో దాదాపు గంటకోసారి, ఆపైన వారాల తరబడి. విసుగొచ్చి ఆయన మధ్యలో మానేయకుండా చూసుకోండి. అన్నట్టు, షుగర్ ఉన్నా, కాంటాక్ట్ లెన్సులు వాడుతున్నా అదీ డాక్టర్‌కి చెప్పండి.