రిటైర్మెంట్ డబ్బుతో పాత పోస్టర్లు కొనొచ్చా?

ప్రశ్న: పాత సంగీత కచేరీల పోస్టర్లంటే నాకు ప్రాణం. 1960ల నాటి శాన్‌ఫ్రాన్సిస్కో పోస్టర్లు కొన్ని ఇప్పటికే పోగుచేశాను. వీటి ధర పెరగడమే గానీ తగ్గదంటున్నారు. రిటైర్మెంట్ కోసం దాచినదాంట్లో మూడో వంతు వీటిలో పెట్టవచ్చా?

జవాబు: వద్దండి. పోస్టర్లు కొనొద్దనడం లేదు, ఆ డబ్బుతో కొనొద్దంటున్నాను.

మీకు ఆశ పుట్టించిన అంకెలు నిజమే. 1966లో న్యూయార్క్‌లోని షే స్టేడియంలో జరిగిన బీటిల్స్ కచేరీ పోస్టర్ 2022 వేలంలో 2,75,000 డాలర్లు పలికింది. అయితే వార్తల్లోకెక్కేవి ఇలాంటివే. అడిగే నాథుడు లేక వెనక్కి వచ్చిన పోస్టర్ల గురించి ఎవరూ రాయరు.

ఒక్కసారి లెక్క వేద్దాం. వేలంపాట 100 దగ్గర ఆగిందనుకోండి. వేలం సంస్థ కొనేవాళ్ల దగ్గర తీసుకునే కమీషన్ 20 శాతం కలిపి మీ జేబులోంచి 120 పోతుంది. ఐదేళ్లకు అదే పోస్టర్ 150కి పాడారు. అమ్మకం కమీషన్ 10 శాతం పోగా చేతికొచ్చేది 135. ధర యాభై శాతం పెరిగినా మీకు ఏడాదికి రెండున్నర శాతం కూడా గిట్టలేదు. ఫ్రేము, బీమా, పన్ను ఇంకా లెక్కలోకి రానేలేదు. మధ్యలో వడ్డీ ఉండదు. ఆస్పత్రి ఖర్చు వచ్చిపడిన రోజున కొనేవాళ్లు దొరుకుతారన్న నమ్మకమూ లేదు.

అసలు చిక్కంతా ముద్రణ దగ్గరే. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం కోసం చిత్రకారులు స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ 1966లో చేసిన పోస్టర్ మీకు తెలిసే ఉంటుంది, గులాబీల కిరీటం పెట్టుకున్న అస్థిపంజరం. దాని తొలి ముద్రణకూ మలి ముద్రణకూ ధరలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. కొనేముందు పది రెట్లు చూపే భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి. చేత్తో గీసిన అక్షరం అసలు ముద్రణలో నిండు సిరాతో ఉంటుంది. ఫొటో తీసి వేసిన నకలులో అదే అక్షరం సన్నటి చుక్కలుగా విడిపోతుంది. కానీ అసలు అచ్చు ప్లేట్లతోనే తర్వాత వేసిన మలి ముద్రణను భూతద్దం పట్టించలేదు. కాగితం కొలతలు, మందం, అడుగున ఉన్న చిన్న అక్షరాలు తెలిసినవాళ్లతో సరిచూయించాలి. ఏ ముద్రణో బిల్లు మీద రాసివ్వనివాళ్ల దగ్గర కొనకండి.

ఇప్పటికే ఉన్నవాటితో కలిపి మీ ఆస్తిలో ఐదు శాతం దాటనివ్వొద్దు. అదీ అత్యవసర నిధి పక్కన పెట్టాకే. కొన్నది ఎండ తగలని గోడకు తగిలించుకుని రోజూ చూసుకోండి, మీ పెట్టుబడికి సగం ప్రతిఫలం ఆ ఆనందమే. అట్టకు మాత్రం జిగురుతో అంటించొద్దు, విలువ పడిపోతుంది. ఇక ఈ వారమే ఒక్కో పోస్టర్ ఫొటో, బిల్లు, ఏ ముద్రణ అన్న వివరం ఒక ఫైల్లో పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించండి. ఆ ఫైలు లేకపోతే రేపు వాళ్లకవి పాత కాగితాలే.