దూకడం మానేసిన పడుచు పిల్లి: ముందు తుంటి ఎక్స్‌రే తీయించండి

ప్రశ్న: మాది కడప జిల్లా ముద్దనూరు దగ్గర పల్లె. శనగ మూటలకు ఎలుకల బెడద ఉందని ఒక గండు పిల్లిని పెంచుతున్నాం. దాని వయసు 14 నెలలు. ఆరో నెలలోనే వృషణాలు తీయించాం. ఆ తర్వాత బాగా ఒళ్లు చేసింది. మూడు వారాల నుంచి మూటల మీదికి ఎక్కడం లేదు, వెనక కుడి కాలు కుంటుతోంది. ఎక్కడా పడింది లేదు, గాయమూ లేదు. నొప్పికి పారాసిటమాల్ సగం మాత్ర వేయమంటున్నారు. వేయొచ్చా? ఇంట్లో మూడు నెలల కూన కూడా ఉంది. దానికీ ఇట్లా వస్తుందా?

సలహా: పారాసిటమాల్ వేయకండి. సగం మాత్ర కాదు, చిన్న ముక్క కూడా వద్దు. ఈ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. అది ఒంట్లో మిగిలిపోయి విషమవుతుంది, రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. చిగుళ్లు నీలంగానో గోధుమ రంగులోనో మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం వస్తుంది. ఒకవేళ ఇప్పటికే వేసి ఉంటే ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. విరుగుడు ఉంది, కానీ తొందరగా పడితేనే పనిచేస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా పిల్లికి ప్రమాదమే. మనుషుల నొప్పి మాత్ర ఏదీ దాని జోలికి తేవొద్దు.

ఇక కాలి సంగతి. మీరు రాసిన లక్షణాలు చూస్తే నా అనుమానం తుంటి మీదే. తొడ ఎముక పైకొసన గుండ్రటి తల ఉంటుంది. అది తుంటి గిన్నెలో తిరుగుతుంది. ఆ తలకూ ఎముకకూ నడుమ ఎదుగుదల పొర ఒకటుంది. మామూలుగా పది నెలల లోపే గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. చిన్న వయసులో వృషణాలు తీయించి, బరువు పెరిగిన గండు పిల్లుల్లో ఈ పొర చాలా కాలం మెత్తగానే ఉండిపోవచ్చు. అప్పుడు దెబ్బ ఏమీ తగలకుండానే ఆ తల పక్కకు జారుతుంది. ఇది ఎక్కువగా ఏడాది, రెండేళ్ల మధ్య వయసులో కనబడుతుంది. ఆపరేషన్ చేయించడం తప్పని కాదు, తర్వాత బరువు అదుపులో పెట్టాలి.

ఇదే అని ఉత్తరం చూసి తేల్చలేను. మనం చూడకుండా మిద్దె మీది నుంచి పడి కీలు తొలగి ఉండొచ్చు, కటి ఎముక విరిగి ఉండొచ్చు. పుట్టుకతోనే తుంటి గిన్నె లోతు తక్కువగా ఉండే జబ్బూ ఉంది. అది పర్షియన్, మెయిన్ కూన్ లాంటి జాతుల్లో ఎక్కువ, నాటు పిల్లుల్లో తక్కువ.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. పిల్లి నిలబడి ఉన్నప్పుడు వెనక నుంచి రెండు చేతులతో రెండు తొడలూ ఒకేసారి మెల్లగా పట్టి చూడండి. కుడి తొడ సన్నబడి ఉంటే అది ఆ కాలు మీద భారం మోపక చాలా రోజులైందని అర్థం. నడుము వెనక చెయ్యి వేస్తే గుర్రుమంటుందా, దొడ్డికి పోయేటప్పుడు వంగలేకపోతోందా, వెనక భాగం నాక్కోవడం మానేసిందా, ఇవన్నీ గమనించండి. కాలు లాగి మాత్రం చూడకండి. పుత్తూరు కట్టు లాంటి కట్లూ కట్టించొద్దు, తుంటి దగ్గర అవి నిలవవు.

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల మీకు దగ్గరే. అక్కడికి తీసుకుపోండి. మత్తు ఇచ్చి రెండు తుంటులకూ ఎక్స్‌రే తీయమని అడగండి, ఎందుకంటే ఈ జబ్బు రెండో వైపు కూడా ఉండొచ్చు. కాళ్లు చాపి ఒకటి, కప్ప కాళ్లలా మడిచి ఒకటి తీస్తారు. మొదట్లో జారుడు ఈ రెండో దాంట్లోనే బాగా తెలుస్తుంది.

తల జారిందని తేలితే ఆ ఎముక తలను కోసి తీసేయడమే సాధారణంగా చేసే చికిత్స. వినగానే భయమేస్తుంది, నిజమే. కానీ పిల్లి తేలికైన జీవి. ఆ చోట కండ, నార కలిసి కొత్త కీలులా పనిచేస్తాయి. చాలా పిల్లులు కొన్ని వారాల్లో మళ్లీ బాగా నడుస్తాయి, దూకుతాయి. ఆలస్యమయ్యేకొద్దీ తొడ కండ కరిగిపోయి కోలుకోవడం కష్టమవుతుంది. నొప్పికి మెలాక్సికామ్ లాంటివి డాక్టరే, మూత్రపిండాలు చూసి, బరువు తూచి ఇస్తారు. అందాకా ఒక చిన్న గదిలో ఉంచి, ఎత్తులకు ఎక్కనీయకండి.

కూన విషయంలో భయం వేరే. పాలన్నం, ఎముక లేని కోడి మాంసం మాత్రమే పెడితే కాల్షియం చాలదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. అప్పుడు ఒళ్లు ఎముకల్లోని సున్నాన్నే లాక్కుంటుంది. ఎముకలు పలచబడి చిన్న దూకుడుకే విరుగుతాయి. కటి ఎముక వంకరపోతే జీవితాంతం మలబద్ధకం. ఏడాది నిండేదాకా కూనలకని అమ్మే పిల్లి మేతనే ఎక్కువగా పెట్టండి. కాల్షియం టానిక్ సొంతంగా పోయొద్దు. ఉడికించిన ఎముకలు పెట్టొద్దు, గొంతులో గుచ్చుకుంటాయి.

పెద్ద పిల్లికి ఒక్కసారిగా రెండు వెనక కాళ్లూ పడిపోయి, పాదాలు చల్లబడి, నొప్పికి అరుస్తుంటే అది తుంటి జబ్బు కాకపోవచ్చు. రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. అలాగే మూత్రం రోజంతా రాకపోయినా ఆగొద్దు, రాత్రయినా సరే తీసుకుపోండి. గాలి ఆడే మూత ఉన్న బుట్టలో, అడుగున గోనె పరిచి, కుడి కాలు మీద బరువు పడకుండా పడుకోబెట్టి తీసుకెళ్లండి.