పాథాలజిస్టుని వెతకడం కాదు, శాంపిల్ ఏ ల్యాబ్‌కి వెళ్తుందో అడగండి

డల్లాస్‌కి కొత్తగా వచ్చామని, వీపు మీద పుట్టుమచ్చకి వచ్చే వారం బయాప్సీ ఉందని, దగ్గర్లో మన ఇన్సూరెన్స్‌లో ఉన్న పాథాలజీ డాక్టర్ని (తీసిన ముక్కని మైక్రోస్కోపులో పరీక్షించే డాక్టర్ని) ఎలా పట్టుకోవాలని అడిగారు కదండీ. అసలు ఆ డాక్టర్ని ఎంచుకునేది మనం కాదు. స్కిన్ డాక్టర్ ముక్క తీసి ఏ ల్యాబ్‌కి పంపితే అక్కడివాళ్లే చూస్తారు.

ఇది తెలియక మేం దెబ్బతిన్నాం. మా ఆవిడ చేతి మీద మచ్చకి వెళ్లినప్పుడు క్లినిక్ ఇన్ నెట్‌వర్కేనా, అంటే మా ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నదేనా అని రెండుసార్లు కనుక్కున్నాను. నర్సు మా కళ్లముందే బఠాణీ గింజంత ముక్కని ఫార్మలిన్ సీసాలో వేసి, మూత బిగించి, లేబుల్ అంటించింది. పక్కనున్న ఫారం మీద ల్యాబ్ పేరు అచ్చేసి ఉంది, మేం చదవలేదు. రిపోర్టు మంచిగానే వచ్చింది, దేవుడి దయ. ఏడు వారాలకి ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి 412 డాలర్ల బిల్లు! బతిమాలితే 180కి తగ్గించారు, కట్టేశాం.

2022 జనవరి 1 నుంచి ఇలాంటి అనుకోని బిల్లులకి అడ్డుగా అమెరికాలో నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అనే చట్టం ఉంది కదా అనుకోవచ్చు. ఇన్ నెట్‌వర్క్ హాస్పిటల్‌లోనో సర్జరీ సెంటర్‌లోనో చేయించుకుంటే పాథాలజిస్టు నెట్‌వర్క్‌లో లేకపోయినా అదనంగా గుంజడానికి ఆ చట్టం ఒప్పుకోదు. మామూలు డాక్టర్ ఆఫీసులో తీసిన బయాప్సీకి మాత్రం ఆ రక్షణ లేదు, మాకు జరిగింది అదే.

అందుకని ముందే క్లినిక్‌కి ఫోన్ చేసి ల్యాబ్ పేరు, దాని ట్యాక్స్ ఐడీ, ఎన్‌పీఐ నంబర్ అడగండి. ఎన్‌పీఐ అంటే డాక్టర్లకీ ల్యాబ్‌లకీ ఇచ్చే గుర్తింపు నంబర్, పది అంకెలుంటుంది, ప్రభుత్వ రిజిస్ట్రీలో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. తర్వాత ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబర్‌కి చేసి, మీ ప్లాన్ పేరు చెప్పి, ఈ ల్యాబ్ ఇన్ నెట్‌వర్కా అని అడగండి. "మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా" అని ల్యాబ్‌ని అడిగితే అవుననే అంటారు, నెట్‌వర్క్‌లో ఉండటం వేరు. స్కిన్ బయాప్సీ పరీక్షకి బిల్లులో మామూలుగా వేసే కోడ్ 88305, ఇన్సూరెన్స్ వాళ్లకి అదీ చెప్పండి. స్లైడ్ తయారుచేసే ల్యాబూ చదివే డాక్టరూ విడివిడిగా బిల్లు వేయొచ్చు కాబట్టి ఇద్దరి గురించీ కనుక్కోండి. కాల్ రిఫరెన్స్ నంబర్ రాసుకోండి, రేపు గొడవొస్తే అదే ఆధారం.

ల్యాబ్ నెట్‌వర్క్‌లో లేదంటే, ఉన్నదానికే పంపమని క్లినిక్‌ని అడిగి ఫారం మీద ఆ పేరు రాయించండి, చాలామంది కాదనరు. ఫోన్లన్నీ కలిపి గంట పని. దీని టెన్షన్‌తో బయాప్సీ మాత్రం వాయిదా వేయకండి, ప్లీజ్. మచ్చ రంగు మారిందని కూడా రాశారు మీరు.